బొమ్మ గీయకముందే జనాన్ని పిలవండి: కొత్త హైవే ఇంటర్‌చేంజ్ ప్లానింగ్ ఎలా చేయాలి

ఇంటర్‌చేంజ్ అంటే హైవే ఇంకో రోడ్డుని పైనుంచో కిందనుంచో దాటే చోట, బండ్లు ఒకదాని మీంచి ఇంకోదాని మీదకి పోయేలా ర్యాంపులతో, అంటే ఎక్కే దిగే దారులతో, కట్టే జంక్షన్. ఈ ప్రాజెక్టులు దారి తప్పేది ఎక్కువగా మొదటి కాగితం మీదే. "ఫలానా చోట ఇంటర్‌చేంజ్ నిర్మాణం" అని ఫైలుకి పేరు పెట్టేస్తారు, దాంతో జవాబు ముందే ఖాయమైపోతుంది, అసలు ప్రశ్న ఏంటో ఎవరూ అడగరు. ఆ తర్వాత ఎప్పుడో ఒక హాల్లో కుర్చీలు వేసి, గోడకి రంగుల బొమ్మ తగిలించి, మీ అభిప్రాయం చెప్పండి అంటే వచ్చినవాళ్లకి మిగిలేది రెండే మాటలు: సరే, లేదా వద్దు. సరే అన్నవాళ్లు ఇంటికి వెళ్తారు, వద్దన్నవాళ్లు కోర్టుకి వెళ్తారు.

ప్లానింగ్ టీమ్‌లో కొత్తగా చేరిన ఇంజినీర్ల కోసం, స్థానిక సంస్థల్లో ఇలాంటి ఫైళ్లు చూడాల్సి వచ్చేవాళ్ల కోసం ఇది రాస్తున్నా. ఇంటర్‌చేంజ్ పక్కన ఇల్లో పొలమో ఉన్నవాళ్లు చదివినా పనికొస్తుంది, అవతలి వైపు ఏం జరుగుతుందో తెలిస్తే ఏం అడగాలో తెలుస్తుంది కదా. చట్టాల పేర్లు, ఫారాలు దేశాన్ని బట్టి మారతాయి, పని వరస మాత్రం దాదాపు అన్నిచోట్లా ఇదే.

ముందు సమస్య రాయండి

మొదటి పని, ఒక్క పేజీలో సమస్య రాయడం. అందులో ఇంటర్‌చేంజ్ అనే మాట రాకూడదు. వినడానికి తేలికే, చేసి చూడండి, చాలామంది రెండో లైన్లోనే దొరికిపోతారు. "ఈ ప్రాంతానికి హైవే కనెక్టివిటీ లేదు" అంటే అది సమస్య చెప్పినట్టు కాదు, ఇంటర్‌చేంజ్ కావాలన్న మాటనే తిప్పి చెప్పినట్టు. "సాయంత్రం రద్దీలో పక్క ఎగ్జిట్ ర్యాంప్ మీద ఆగిన బండ్ల వరస హైవే మెయిన్ లేన్ దాకా పాకుతోంది, వెనక నుంచి గుద్దుకునే ప్రమాదాలు అక్కడే జరుగుతున్నాయి" అంటే అది సమస్య. "అంబులెన్స్ హైవే ఎక్కాలంటే బడి ముందు నుంచి, ఇరుకు రోడ్డులో పోవాలి", ఇదీ సమస్యే. ఇలా రాసుకుంటే రేపు నాలుగు ప్రత్యామ్నాయాలు ముందు పెట్టుకున్నప్పుడు ఏది దేన్ని తీరుస్తుందో పోల్చుకోవడానికి ఒక కొలత చేతిలో ఉంటుంది.

దీనికి లెక్కలు కావాలి. రోజుకి ఎన్ని బండ్లు అనే ఒక్క అంకె దేనికీ చాలదు. ఏ దిక్కు నుంచి వచ్చి ఏ దిక్కుకి తిరుగుతున్నాయి, ఏ గంటలో, అందులో లారీలు ఎన్ని, ఎక్కడ బయల్దేరి ఎక్కడికి పోతున్నాయి, ఇవి విడివిడిగా కావాలి. ప్రమాదాల రికార్డులు కూడా తేదీ, చోటు, ఢీకొన్న తీరుతో సహా తెప్పించుకోండి. ఇక భవిష్యత్తు ట్రాఫిక్ అంచనా. రోడ్డు తెరిచాక సుమారు 20 ఏళ్ల నాటికి రద్దీ ఎంత ఉంటుందో చూసి డిజైన్ చేయడం మామూలు పద్ధతి, కానీ ఆ అంచనా గ్రాఫ్‌లో గీత ఎప్పుడూ పైకే పోతుంది, కిందికి వంగిన గీత నేనైతే చూళ్లేదు. అందుకే ఒకే అంకె కాకుండా తక్కువ, మధ్య, ఎక్కువ అని మూడు అంచనాలు అడగండి, ఒక్కోదాని వెనక ఏ జనాభా, ఏ వృద్ధి రేటు అనుకున్నారో రాయించండి. రోడ్డు వెడల్పయ్యాక అంతకుముందు బయల్దేరని వాళ్లు కూడా బయల్దేరతారన్న సంగతి అంచనాలో కలిపారో లేదో తప్పకుండా అడగాలి. కలపకపోతే అవి కాకిలెక్కలే.

దూరం సంగతి తొందరగా తేల్చేయొచ్చు. పక్క ఇంటర్‌చేంజ్‌కి మరీ దగ్గరగా ఇంకొకటి పెడితే, ఒకదాని దగ్గర ఎక్కే బండ్లు, రెండోదాని దగ్గర దిగే బండ్లు మధ్యలో ఒకదాన్నొకటి కోసుకుంటూ లేన్లు మారాల్సి వస్తుంది. అమెరికాలో వాడే మామూలు లెక్క ప్రకారం పట్టణ ప్రాంతంలో కనీసం ఒక మైలు, అంటే 1.6 కిలోమీటర్లు, ఊళ్ల మధ్య అంతకు రెండు మూడు రెట్లు. మీ చోటు ఈ దూరంలోపే పడితే ఆ మాట మొదటి మీటింగులోనే చెప్పేయండి, చివర్లో బయటపడితే అందరికీ టెన్షన్.

ఇప్పుడు ఇంకో కాగితం తీసి, ఇంటర్‌చేంజ్ కట్టకుండా ఏమేం చేయొచ్చో రాయండి. ఉన్న ర్యాంప్‌ని పొడిగించడం, సిగ్నల్ టైమింగ్ మార్చడం, సర్వీస్ రోడ్డు కలపడం, హైవే కింద నుంచి ఊరి రోడ్డుకి ఒక అండర్‌పాస్ ఇవ్వడం, బస్సులు పెంచడం. చాలాచోట్ల జనం అడిగేది హైవే ఎక్కడానికి దారి కాదు, హైవే దాటడానికి దారి. రెండింటికీ ఖర్చులో చాలా తేడా ఉంటుంది, పొలాలు పోవడంలోనూ. ఏమీ చేయకపోతే ఏమవుతుంది అన్నది కూడా ఒక ప్రత్యామ్నాయమే. అమెరికా పర్యావరణ విధాన చట్టం కింద చేసే అధ్యయనాల్లో దాన్ని తప్పనిసరిగా లెక్కలోకి తీసుకోవాలి. చాలా రిపోర్టుల్లో ఈ ఆప్షన్‌కి ఒక పేరా రాసి వదిలేస్తారు, మీరు మాత్రం మిగతావాటికి ఇచ్చినన్ని పేజీలు దీనికీ ఇవ్వండి. ఓడిపోతే లెక్కల్లో ఓడిపోనివ్వండి.

ఆకారాల గురించి కొంచెం

జనం ముందుకి వెళ్లేముందు ఇంటర్‌చేంజ్ రకాలు మీకు నోటికి రావాలి, ఎందుకంటే అక్కడ ఎవరో ఒకరు "క్లోవర్‌లీఫ్ కట్టొచ్చు కదా, అందంగా ఉంటుంది" అంటారు, నిజంగానే పైనుంచి చూస్తే అందంగా ఉంటుంది.

అన్నిటికంటే మామూలుది డైమండ్. నాలుగు ర్యాంపులు, కింద రోడ్డు మీద రెండు జంక్షన్లు. తక్కువ స్థలంలో అయిపోతుంది, ఖర్చూ తక్కువ. క్లోవర్‌లీఫ్‌లో నాలుగు మూలలా గుండ్రటి లూపులుంటాయి, సిగ్నల్ ఉండదు, ఎవరూ ఆగక్కర్లేదు. అమెరికాలో మొదటి క్లోవర్‌లీఫ్ 1929లో న్యూజెర్సీ రాష్ట్రం వుడ్‌బ్రిడ్జ్‌లో వచ్చింది. దాని లోపం ఎక్కడుందంటే, ఒక లూప్‌లోంచి హైవే ఎక్కే బండి, తర్వాతి లూప్‌లోకి దిగే బండి, ఇద్దరూ ఒకే చిన్న ముక్కలో లేన్లు మార్చుకోవాలి. ఎక్కేవాడు వేగం పెంచుతుంటాడు, దిగేవాడు తగ్గిస్తుంటాడు, ఇద్దరూ అద్దంలో ఒకరినొకరు వెతుక్కుంటూ ఉంటారు, పక్కన లారీ ఉంటే అదీ కనపడదు. దీన్నే వీవింగ్ అంటారు. రద్దీ తక్కువున్నప్పుడు ఏమీ అనిపించదు, రద్దీ పెరిగాక మొత్తం హైవే వేగం పడిపోయేది ఆ ముక్క దగ్గరే. పైగా లూపులు నాలుగు మూలలా బోలెడు భూమి మింగేస్తాయి. అందుకే పాత క్లోవర్‌లీఫ్‌లను చాలాచోట్ల తీసేసి రెండు లూపులతో పార్షియల్ క్లోవర్‌లీఫ్‌గా, లేదా వేరే ఆకారంలోకి మార్చారు.

మూడు దారులు కలిసే చోట, టోల్ రోడ్ల మీద ట్రంపెట్ (ఒకే లూపుతో, బూరలా కనిపించే ఆకారం) వాడతారు. రెండు పెద్ద హైవేలు కలిస్తే ఫ్లైఓవర్ ర్యాంపులతో అంతస్తులు అంతస్తులుగా లేపుతారు, అవి ఖరీదైనవి, చుట్టుపక్కల ఇళ్లకి చాలా ఎత్తు నుంచి శబ్దం చిమ్ముతాయి. డైవర్జింగ్ డైమండ్ అనేది ఈ మధ్య బాగా వినిపిస్తోంది. వంతెన మీద రెండు వైపుల ట్రాఫిక్ కాసేపు పక్కలు మార్చుకుని నడుస్తుంది, దాంతో ఎదురు బండ్లను దాటి తిరగాల్సిన మలుపు ఉండదు. ఫ్రాన్స్‌లోని వెర్సాయ్‌లో 1970ల నుంచే ఉంది, అమెరికాలో మొదటిది 2009లో మిస్సోరి రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో తెరిచారు. మామూలు డైమండ్‌లో బండ్లు ఒకదాని దారికి ఒకటి అడ్డొచ్చే చోట్లు 26 ఉంటే ఇందులో 14. కానీ మొదటిసారి చూసేవాళ్లు తప్పుడు వైపు పోతున్నామేమో అని కంగారు పడతారు, కాబట్టి దీన్ని చూపించాలంటే బొమ్మ చాలదు, డ్రైవర్ కంటి ఎత్తులో తీసిన వీడియో కావాలి.

ఏ ఆకారమైనా సరే, నడిచేవాళ్లు, సైకిల్ వాళ్లు దాన్ని ఎలా దాటుతారో వేరే షీట్ మీద గీయించండి. ఆగకుండా పోయే ర్యాంప్ అంటే బండికి హాయి, దాన్ని దాటాల్సిన పిల్లాడికి నరకం. ఈ షీట్ అడిగితే చాలామంది డిజైనర్లు ఒక్క క్షణం ఆగుతారు, ఎందుకంటే అప్పటిదాకా దాని గురించి ఆలోచించి ఉండరు.

జనాన్ని ఎప్పుడు, ఎలా పిలవాలి

ఎప్పుడు అన్నదానికి జవాబు 1998లో డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో కుదిరిన ఒప్పందంలో ఉంది. యూరప్ దేశాలు చాలా సంతకం చేసిన ఆ ఒప్పందం ప్రకారం, అన్ని దారులూ ఇంకా తెరిచి ఉన్నప్పుడే, మొదట్లోనే ప్రజలకి పాల్గొనే అవకాశం ఇవ్వాలి. ఇందులో ముఖ్యమైన ముక్క "తెరిచి ఉన్నప్పుడే" అన్నది. భూమి సర్వే రాళ్లు పాతేశాక, బడ్జెట్ ప్రకటించేశాక పెట్టే మీటింగు తూతూ మంత్రమే, దానికి ఎంత పెద్ద హాలు తీసుకున్నా.

కాబట్టి కనీసం మూడు విడతలు పెట్టుకోండి. మొదటిది సమస్య కాగితం రాసిన వెంటనే, చేతిలో బొమ్మ లేకుండా. అక్కడ అడగాల్సింది "మీకు ఈ రోడ్డుతో ఇబ్బంది ఏంటి, ఇక్కడ ఏం పాడవకూడదు" అని మాత్రమే. రెండోది నాలుగైదు ప్రత్యామ్నాయాలు గీశాక. మూడోది ముసాయిదా పర్యావరణ రిపోర్టు వచ్చాక. చట్టం అడిగే అధికారిక హియరింగ్ సాధారణంగా మూడోదే, దాంతోనే సరిపెట్టుకోవాలని ఆఫీసులో ఒత్తిడి ఉంటుంది. మొదటిది సరిగ్గా చేస్తే మూడోది ప్రశాంతంగా జరుగుతుంది, నా లెక్కలో మూడింటిలోకీ విలువైనది మొదటిదే.

హాలు, వేదిక, మైకు అనే అమరిక వదిలేయండి. మైకు పెడితే మాట్లాడేది రోజూ మాట్లాడేవాళ్లే. పెద్ద మ్యాప్ ప్రింట్ తీసి బల్లల మీద పరచండి, ఇల్లూ చెట్టూ గుర్తుపట్టేంత పెద్దదిగా, ఉపగ్రహ చిత్రం మీద ఊరివాళ్లు పిలిచే పేర్లతో. చేతికి స్కెచ్ పెన్నులు, అంటించే చీటీలు ఇవ్వండి. ఒక్కో బల్ల దగ్గర ఒక ఇంజినీర్ ఉండాలి, అతని పని వినడం, రాసుకోవడం. సమాధానం చెప్పాలని నోరు పీకుతుంది, ఆపుకోమనండి.

ఇలాంటి బల్ల దగ్గర ఒకసారి జరిగింది చెప్తాను. మా డ్రాయింగ్‌లో ఒక ర్యాంప్ మట్టికట్ట కింద కల్వర్టు ఉంది, వాగు మ్యాప్‌లో ఎటు కనపడితే అటే. ఒక పెద్దాయన వచ్చి, కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుని, మ్యాప్ మీద వేలితో వాగు వెంట పోయి, కల్వర్టు దగ్గర ఆగి, వేలు పక్కకి తీసి రెండు పొలాల అవతల పెట్టి, "పెద్ద వానకి నీళ్లు ఇటు నుంచి వస్తాయి, మామూలు వానకే అటు" అన్నాడు. సర్వే ఎండాకాలంలో చేశారు. వరద నీటి దారి మ్యాప్‌లో లేదు, ఆయన వేలి కింద ఉంది. తర్వాత లెవల్స్ (నేల ఎత్తుపల్లాలు) మళ్లీ తీస్తే ఆయన చెప్పిందే నిజం, కల్వర్టు ఒకటి కాదు రెండు పెట్టాల్సి వచ్చింది.

ఎవరు రాలేదో కూడా చూసుకోండి. అద్దెకుండేవాళ్లు, కూలి పనికి పోయేవాళ్లు, ముసలివాళ్లు, చిన్న పిల్లల తల్లులు మీటింగుకి రారు, వచ్చేది ఎక్కువగా భూమి ఉన్నవాళ్లు, నాయకులు. రానివాళ్ల దగ్గరికి మీరే వెళ్లాలి: బస్టాప్ దగ్గర, బడి గేటు దగ్గర, షిఫ్టు అయ్యాక గోడౌన్ బయట. రెండు పూటల్లో పెట్టండి, ఒకటి సాయంత్రం. కాగితాలు ఇంటి భాషలో ఉండాలి. "గ్రేడ్ సెపరేటెడ్ స్ట్రక్చర్" అని రాసిన కరపత్రం చదివి ఎవరైనా అభిప్రాయం చెప్తారని అనుకోకండి.

వచ్చిన ప్రతి మాటకీ నంబరు ఇచ్చి ఒక రిజిస్టర్‌లో ఎక్కించండి: ఎవరు అన్నారు (పేరు బయట పెట్టక్కర్లేదు), ఏమన్నారు, టీమ్ ఏం చేసింది, చేయకపోతే ఎందుకు చేయలేదు. తర్వాతి మీటింగులో మొదట చూపించాల్సింది ఈ పట్టికే. "మీరన్నది పరిశీలించాం" అనే జవాబు రాయకండి, దానికంటే "కుదరదు, ఎందుకంటే ర్యాంప్ వాలు మరీ ఎక్కువైపోతుంది" అని కుండబద్దలు కొట్టినట్టు చెప్తే జనం కోప్పడినా నమ్ముతారు. ఇంకో మాట, ఇది ఓటింగ్ కాదు. ఐదొందల మంది ఒకే కాపీ ఉత్తరం పంపితే అది ఒక అంశమే, ఒక్క ఆవిడ "ఈ ర్యాంప్ మా బావి మీదుగా పోతోంది" అని రాస్తే అదీ ఒక అంశమే. మొదట్లోనే ఈ సంగతి అందరికీ చెప్పేయాలి.

ప్రాజెక్టు పక్కన ఉండేవాళ్లకి కూడా ఇక్కడే ఒక సలహా. "మాకు వద్దు" అని రాస్తే ఫైల్లో పడుంటుంది. "రెండో ప్రత్యామ్నాయంలో తూర్పు వైపు ర్యాంప్ బడి ప్రహరీకి దగ్గరగా వస్తోంది, అక్కడ శబ్దం కొలిచారా, కొలిస్తే ఎప్పుడు" అని రాస్తే దానికి ఎవరో ఒకరు జవాబు రాయక తప్పదు. ఫొటోలు, తేదీలు, వరద నీరు గోడ మీద ఎంతదాకా వచ్చిందో గుర్తు, ఇవన్నీ జత చేయండి. అందినట్టు రసీదు తీసుకోండి.

పర్యావరణ అధ్యయనం

చట్టాల సంగతి క్లుప్తంగా. అమెరికాలో జాతీయ పర్యావరణ విధాన చట్టం 1970 జనవరి 1న సంతకమైంది. ఫెడరల్ (అక్కడి కేంద్ర ప్రభుత్వ) డబ్బో అనుమతో ఉన్న ప్రాజెక్టుకి మూడు స్థాయిలుంటాయి. ప్రభావం పెద్దగా ఉండదని ముందే తెలిసిన పనులకి మినహాయింపు, సందేహం ఉంటే చిన్న అధ్యయనం, పెద్ద ప్రభావం ఖాయమనిపిస్తే పూర్తి స్థాయి రిపోర్టు. 2023 సవరణతో చిన్నదానికి 75 పేజీలు, ఒక ఏడాది, పెద్దదానికి 150 పేజీలు, రెండేళ్లు అని పరిమితి పెట్టారు, మరీ క్లిష్టమైతే 300 పేజీలు. ఈ చట్టం పద్ధతిని పాటించమంటుంది తప్ప మంచి ఫలితమే రావాలని బలవంతం చేయదు, 1989లో అక్కడి సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. పార్కుల విషయంలో మాత్రం 1966 నాటి రవాణా చట్టంలో గట్టి నిబంధన ఉంది: సాధ్యమైన వేరే దారి ఉన్నంతకాలం పార్కులోంచి రోడ్డు వేయకూడదు. మెంఫిస్‌లో ఓవర్టన్ పార్కు మధ్య నుంచి ఐ-40 హైవే పోకుండా ఆగిందంటే దానికి మూలం 1971లో ఈ నిబంధన మీద వచ్చిన తీర్పే.

మన దేశంలో 2006 సెప్టెంబరు 14 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ఉంది. దాని పరిధిలోకి వచ్చే హైవే ప్రాజెక్టుకి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి, కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, కలెక్టరో ఆయన ప్రతినిధో అధ్యక్షత వహించాలి, వీడియో తీయాలి, సారాంశం స్థానిక భాషలో దొరకాలి. ఇంతమంది రావాలనే కోరం లేదు. ఉన్న హైవే మీద చిన్న పని అయితే ఆ పరిధిలోకే రాకపోవచ్చు, అప్పుడు జనానికి చట్టబద్ధంగా మిగిలే అవకాశం భూసేకరణ దగ్గరే: జాతీయ రహదారుల చట్టం సెక్షన్ 3ఏ కింద ఈ భూమి తీసుకుంటామనే నోటిఫికేషన్ వచ్చాక 21 రోజుల్లోపు సెక్షన్ 3సీ కింద అభ్యంతరం పెట్టుకోవాలి. ఈ 21 రోజులు పేపర్లో చిన్న అక్షరాల ప్రకటన కింద జారిపోతుంటాయి. టీమ్‌లో ఉన్నవాళ్లు నిజంగా జనం మాట వినాలనుకుంటే చట్టం అడగకపోయినా ముందే పిలవచ్చు, ఏ చట్టమూ వద్దనదు.

ఇక అసలు చూడాల్సినవి. నీళ్లు మొదట. ఇంటర్‌చేంజ్ అంటే మట్టికట్టల గుంపు, ప్రతి కట్టా వాన నీటికి అడ్డం పెట్టిన ఆనకట్టే. తారు, కాంక్రీటు పరిచిన మేర నీళ్లు ఇంకవు, వాన పడ్డ కాసేపటికే నూనె, టైరు పొడి కలిసిన మొదటి నీళ్లు పక్క పొలాల్లోకి, చెరువుల్లోకి దిగుతాయి. లూపుల మధ్య ఖాళీగా మిగిలే జాగాలో నీళ్లు నిలిపే గుంటలు తవ్వొచ్చు, అది ఎలాగూ వేరేదేనికీ పనికిరాదు. సర్వే ఎండాకాలంలో మాత్రమే జరిగితే ఒప్పుకోకండి, వానాకాలంలో కూడా ఒకసారి చేయించండి. పక్షులు, కప్పల లెక్కలకి ఇంకా గట్టిగా చెప్పాలి, ఒకే రుతువులో చూసి ఇక్కడ ఏమీ లేవు అని రాసిన రిపోర్టుకి అర్థం లేదు.

శబ్దం గురించి జనానికి రెండు మూడు లెక్కలు చెప్పాలి. ట్రాఫిక్ రెట్టింపైతే శబ్దం పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి అది బొటాబొటిగా తెలుస్తుంది. 10 పెరిగితే రెట్టింపు మోతలా వినిపిస్తుంది. అమెరికా హైవే నిబంధనల్లో ఇళ్ల దగ్గర రద్దీ గంట సగటు 67 డెసిబెల్స్‌కి దగ్గరపడితే నివారణ ఆలోచించాలి. గోడ కడితే, అది ఇంటికీ బండికీ మధ్య చూపుని అడ్డుకునేంత ఎత్తుంటే 5 దాకా తగ్గుతుంది, ఇంకా ఎత్తుగా కడితే ఇంకాస్త. రెండో అంతస్తులో ఉన్నవాళ్లకి చాలాసార్లు గోడ పనిచేయదు. చెట్లు నాటుతామని చెప్పి తప్పించుకోవద్దు, 10 డెసిబెల్స్ తగ్గాలంటే సుమారు 60 మీటర్ల మందాన దట్టమైన అడవి ఉండాలి, ఒక వరస చెట్లు చూడ్డానికి బాగుంటాయి, అంతే. సగటు అంకె దాచేసేది ఇంకోటుంది: పైకి ఎక్కే ర్యాంప్ మీద గేరు మార్చే లారీ. రాత్రి నిద్ర లేపేది అదే. ఆ ర్యాంప్ ఇళ్ల వైపు ఉందా అవతల ఉందా అన్నది డిజైన్ దశలో ఉచితంగా మార్చుకోవచ్చు, కట్టాక గోడలు కట్టుకుంటూ కూర్చోవడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ఎత్తు స్తంభాల లైట్లు పడకగదుల్లోకి కొట్టకుండా చూడండి, ఇది ఎవరూ అడగరు, తెరిచాక మొదటి ఫిర్యాదు దీని మీదే.

జంతువుల విషయంలో కెనడాలోని బాన్ఫ్ పార్కు మంచి ఉదాహరణ, అక్కడ ట్రాన్స్-కెనడా హైవేకి కంచె, పైనా కిందా దాటే దారులు పెట్టాక జంతువులు బండ్ల కింద పడటం 80 శాతానికి పైగా తగ్గింది. అయితే ఇంటర్‌చేంజ్ దగ్గరే కంచెకి గండి పడుతుంది, ర్యాంప్‌కి గేటు పెట్టలేం కదా, జంతువు ఆ గండిలోంచి లోపలికొచ్చి రెండు కంచెల మధ్య ఇరుక్కుంటుంది. కంచె ఎక్కడ ఆగుతోంది, అక్కడ ఏం పెట్టారు అని డ్రాయింగ్‌లో వెతకండి. ఇంగ్లండ్‌లో లండన్ చుట్టూ ఉన్న ఎం25 హైవే పదో జంక్షన్ పక్కనే రక్షిత పక్షుల ఆవాసం ఉంది, 2022లో ఆ జంక్షన్ విస్తరణకి అనుమతి ఇచ్చినప్పుడు పోయే నేలకి బదులు నేల, తెగిపోయిన పొదల భూముల్ని కలిపే పచ్చటి వంతెన పథకంలో భాగమయ్యాయి. బదులు నేల ఇస్తాం అంటే ఎక్కడ, ఎవరి పేరు మీద, ఎన్నేళ్లు చూసుకుంటారు అన్న మూడు ప్రశ్నలు వెంటనే అడగాలి.

రిపోర్టుల్లో అన్నిటికంటే పల్చగా ఉండే అధ్యాయం, ఇంటర్‌చేంజ్ వచ్చాక వచ్చే వాటి గురించి. ర్యాంప్ దిగగానే పెట్రోల్ బంకు, గోడౌన్లు, వెంచర్లు. రోడ్డు తీసుకున్న భూమికి ఎన్నో రెట్లు భూమి దాని చుట్టూ మారిపోతుంది, చెరువు కింద పొలాలు ప్లాట్లవుతాయి, పదేళ్లకి ఆ ట్రాఫిక్ అంతా అదే ర్యాంప్ మీదకి వస్తుంది. కాబట్టి భూమి వినియోగం చూసే శాఖని మొదటి రోజు నుంచే బల్ల దగ్గర కూర్చోబెట్టండి. ర్యాంప్ చివర నుంచి కొంత దూరం దాకా కింద రోడ్డు మీద ఎవరికీ గేటు ఇవ్వకూడదు. అమెరికా ప్రమాణాల్లో కనీసం పట్టణంలో 30 మీటర్లు, బయట 90 మీటర్లు అంటారు, నన్నడిగితే అవి చాలా తక్కువ. ఆ ముక్కకి యాక్సెస్ హక్కు, అంటే రోడ్డు మీదకి గేటు పెట్టుకునే హక్కు, భూసేకరణలోనే కొనేయాలి, తర్వాత ఆపడం ఎవరి వల్లా కాదు.

ఎంపిక, ఆ తర్వాత

ప్రత్యామ్నాయాలు పోల్చేటప్పుడు మార్కులు వేసి కూడేసే పట్టిక మీద నాకు నమ్మకం లేదు, వెయిటేజీ కొంచెం అటూ ఇటూ జరిపితే ముందే అనుకున్నది గెలుస్తుంది. దాని బదులు ప్రతి ప్రత్యామ్నాయానికీ ఒక పేజీ: సమస్య కాగితంలో రాసినవాటిలో ఎన్ని తీరుస్తుంది, ఎన్ని ఇళ్లు పోతాయి, ఎంత పొలం, ఎంత చిత్తడి నేల, ఖర్చు ఎంత, ఎవరు లాభపడతారు, ఎవరు భరిస్తారు. చివరి ప్రశ్నకి నిజాయితీగా రాయండి, హైవే మీద పోయేవాళ్లు పది నిమిషాలు మిగుల్చుకుంటే పక్కన ఉండేవాళ్లు ఇరవై ఏళ్లు శబ్దం వినాలి. ఎంచుకున్నదాన్ని ఎందుకు ఎంచుకున్నారో, మిగతావి ఎందుకు వదిలేశారో ఒకే పత్రంలో రాసి బయట పెట్టండి.

మీటింగుల్లో, రిపోర్టుల్లో ఒప్పుకున్న ప్రతి మాటా ఒక పట్టికలోకి ఎక్కాలి: ఏం చేస్తామన్నారు, ఏ దశలో, బాధ్యత ఎవరిది, డబ్బు ఏ పద్దులోంచి. ఆ పట్టిక టెండరు పత్రాల్లో భాగం కాకపోతే కాంట్రాక్టర్‌కి దానితో సంబంధం లేదు, "మా స్కోప్‌లో లేదు" అనే మాట మీకు వినిపిస్తుంది. శబ్దం గోడ, రెండో కల్వర్టు, పిల్లలు దాటే అండర్‌పాస్, ఇవి బిల్లు ఐటెమ్‌గా ఉండాలి, వీలైతే మొదట కట్టేవిగా ఉండాలి, ఎందుకంటే డబ్బు తగ్గినప్పుడు కోత పడేది చివర్లో మిగిలినవాటికే. కడుతున్నంతకాలం దుమ్ము, దారి మళ్లింపుల మీద ఫిర్యాదు తీసుకోవడానికి సైటులో ఒక మనిషి పేరు, ఒక ఫోన్ నంబరు బోర్డు మీద పెట్టండి, ఆ ఫోన్ ఎత్తేలా చూడండి.

రోడ్డు తెరిచాక ఏడాదికోసారి, కనీసం మూడేళ్లు, రిపోర్టులో శబ్దం కొలిచిన చోట్లకే వెళ్లి మళ్లీ కొలవండి, మొదటి పెద్ద వానకి కల్వర్టుల దగ్గర ఎవరైనా నిలబడి చూడాలి, నాటిన మొక్కల్లో బతికినవి లెక్కపెట్టాలి, ర్యాంప్ చివర ప్రమాదాలు తగ్గాయో పెరిగాయో పాత రికార్డుతో పోల్చాలి. వచ్చిన అంకెల్ని రిజిస్టర్‌లో మాట నమోదైన వాళ్లందరికీ పంపండి, అంచనా తప్పిన చోట ఏం చేయబోతున్నారో అదే కాగితంలో రాసి.